మచ్చ ముఖానిది, నింద కాలేయానిది

మా పెద్దమ్మాయి పెళ్ళి కుదిరిన కొత్తల్లో ఒకనాటి సాయంత్రం పాత ఫొటోలన్నీ ముందు వేసుకుని కూర్చున్నది. వియ్యాలవారికి పంపడానికి ఒక మంచి కుటుంబ చిత్రం కావాలట. అరగంట వెతికి, చివరకు తలెత్తి, "నాన్నా, ఈ నాలుగేళ్ళ ఫొటోల్లో అమ్మ ఎక్కడా లేదేం?" అని అడిగింది.

నిజమే. మా తమ్ముడి గృహప్రవేశంలో లేదు. మా చెల్లెలి కొడుకు ఒడుగులో లేదు. ఒకటి రెండు చోట్ల వున్నా, ఎవరి భుజం వెనకనుంచో సగం ముఖం మాత్రమే కనిపిస్తున్నది. మా ఆవిడ ఆ శుభకార్యాలన్నింటికీ వచ్చిన మాట నాకు బాగా గుర్తు. ఫొటో తీసే సమయానికి మాత్రం ఆవిడకు వంటింట్లో ఏదో పని గుర్తుకు వచ్చేది.

కారణం ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆవిడకు మంగు. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా, పై పెదవి మీదా గోధుమరంగు మచ్చలు. మా రెండో అమ్మాయి కడుపున పడినప్పుడు లీలగా మొదలై, పురిటి తరువాత కాస్త తగ్గి, నలభయ్యో ఏడు దాటాక మళ్ళీ తలెత్తింది. నొప్పి లేదు, దురద లేదు. బాధంతా చూసేవాళ్ళ నోళ్ళతోనే. పేరంటానికి వెళితే ఒకావిడ, "ఒంట్లో బాగుంటోందా, వదినా?" అనేది. మరొకావిడ, "రక్తం చెడిందేమో, చూపించుకోండి" అనేది. క్రమంగా మా ఆవిడ పేరంటాలే మానుకున్నది.

అసలు తీర్పు మా అత్తగారిది. "కాలేయం చెడితేనే ముఖాన మంగు పుడుతుంది. మా రోజుల్లో ముఖం చూసి చెప్పేవాళ్ళు" అన్నారావిడ.

తీర్పు అయిన తరువాత శిక్ష తప్పదు గదా! నూనె బందు, నెయ్యి బందు, పులుపు బందు, గుడ్డు బందు. కాలేయాన్ని శుద్ధి చేస్తానని పైన రాసివున్న సీసా మందు పూటకు రెండు చెంచాలు. ఇలా మూడేళ్ళపాటు మా ఆవిడ చప్పిడి కూడు తిన్నది. ఇంట్లో గారెలు వండినా తన వాటా ముట్టుకునేది కాదు. ఆ వాటా ఎవరి విస్తట్లో పడేదో పాఠకులు ఊహించుకోగలరు. పారేయడానికి నాకు మనసొప్పేది కాదు.

పెళ్ళి దగ్గర పడేసరికి పక్కింటావిడ రహస్యంగా ఒక పూతమందు ట్యూబు తెచ్చియిచ్చింది. నెల తిరగకుండా ముఖం తెల్లబడింది. ఇంట్లో అందరం సంతోషించాం. మూడో నెలలో చర్మం పలచబడి ఎర్రని సన్ననరాలు తేలాయి. మొటిమలు లేచాయి. వాకిట్లో ఎండ తగిలితే చాలు, ముఖం భగ్గుమనేది. భయపడి ట్యూబు మానేస్తే మచ్చలు మునుపటికన్న నల్లగా తిరిగివచ్చాయి. అప్పటికి గాని డాక్టరు దగ్గరకు వెళ్ళాలనే తెలివి మాకు పుట్టలేదు.

చర్మవ్యాధుల వైద్యురాలు యాభై ఏళ్ళావిడ, నిదానస్తురాలు. నేను కూర్చోకుండానే, "ముందు ఈవిడ కాలేయం సంగతి తేల్చండి, డాక్టరుగారూ! మంగు సంగతి తరువాత" అన్నాను.

ఆవిడ భూతద్దం పెట్టి మా ఆవిడ ముఖమంతా చూసి, ట్యూబు పేరు చదివి నిట్టూర్చి, "మీ అనుమానం తీరడానికి రక్తపరీక్ష చేయిద్దాం. కాని ఈ మచ్చలకు కాలేయాన్ని ఎందుకు తిట్టిపోస్తారండీ? దాని పాపం ఏమీ లేదు" అన్నారు.

మర్నాటికి రిపోర్టు వచ్చింది. మా ఆవిడ కాలేయం నిక్షేపంగా వున్నది.

మంగుకు అసలు కారణం

మరి మంగు దేనివల్ల? డాక్టరుగారు ఓపికగా చెప్పారు. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు అందరికీ వుంటాయి. ఎండ పడినప్పుడు చర్మాన్ని కాపాడడానికి అవి నల్లరంగు పొడి వంటి పదార్థాన్ని తయారుచేస్తాయి. కొందరిలో, ముఖ్యంగా నుదురు, బుగ్గలు, పై పెదవి వంటి చోట్ల ఆ కణాలు అవసరానికి మించి పనిచేస్తాయి. వాటిని ఎగదోసేది మొదట ఎండ. రెండవది స్త్రీల శరీరంలోని హార్మోనులు. అందుకనే గర్భంతో వున్నప్పుడూ, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడూ మంగు ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్రెంచివారు దీనిని గర్భిణి ముఖానికి తగిలించుకున్న ముసుగు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. మూడవది వంశం.

పశ్చిమ బెంగాలులోని సిలిగురిలో ఇద్దరు వైద్యులు 312 మంది మంగు రోగులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. వారిలో మూడోవంతు మందికి ఇంట్లో మరొకరికి కూడా మంగు వున్నది. సగం మందికి పైగా ఎండలోకి వెళితే మచ్చలు ముదురుతున్నాయని చెప్పారు. ఇది ఆడవారి సొత్తు కూడా కాదు. అక్కడ సుమారు నలుగురు స్త్రీలకు ఒక పురుషుడు చొప్పున వచ్చారు.

అయినా కాలేయం మీద ఈ నింద మన అత్తగార్లకే పరిమితం కాదు. జపానువారు మంగును 'కాన్‌పాన్' అంటారు. ఆ మాటకు అర్థం కాలేయపు మచ్చ అనే. పెద్ద వయసులో చేతుల మీదా ముఖం మీదా వచ్చే గోధుమరంగు మచ్చలను ఇంగ్లీషువారు 'లివర్ స్పాట్స్' అంటారు. అవి ఎన్నో ఏళ్ళ ఎండ చేసిన పని. మచ్చ రంగు, కాలేయం రంగు ఒకటిగా కనపడడమే వాటికా పేరు రావడానికి కారణమంటారు. పేరు పెట్టినవారు పోయారు, నింద మిగిలింది.

ఇక ఆ ట్యూబు సంగతి. అందులో స్టిరాయిడ్ మందు వున్నది. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికన్ వైద్యులు మూడు మందుల మిశ్రమం ఒకటి మంగుకు పనిచేస్తుందని చూపించారు. అందులో ఒకటి స్టిరాయిడే. డాక్టరు కనిపెట్టి వుండగా కొద్దివారాలు వాడితే అది మందు. స్నోలాగ నెలల తరబడి రాసుకుంటే అదే చర్మాన్ని తినేస్తుంది. ఇటువంటి పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన పెట్టింది. నిబంధన కాగితం మీద వున్నది, ట్యూబు పక్కింటావిడ చేతిలో వున్నది.

ముఖం నిజం చెప్పే సందర్భాలు

నాకు ఇంకా పూర్తిగా నమ్మకం చిక్కలేదు. "అయితే డాక్టరుగారూ, పెద్దవాళ్ళు ముఖం చూసి జబ్బు చెప్పేవారనడం అంతా వట్టిదేనా?" అన్నాను.

"వట్టిది కాదు. ఎక్కడ చూడాలో తెలియాలి. బుగ్గలు కాదు, ముందు కళ్ళు చూడాలి" అన్నారావిడ.

మన రక్తంలోని ఎర్రకణం ఒక్కొక్కటి సుమారు 120 రోజులు బతుకుతుంది. అది చితికిపోయినప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం పుడుతుంది. దానిని పైత్యరసంలో కలిపి బయటికి పంపే పని కాలేయానిది. కాలేయం అలసిపోయినా, పైత్యరసం పోయే దారిలో రాయి అడ్డుపడినా, ఎర్రకణాలు మరీ ఎక్కువగా చితికినా, ఆ పసుపు రక్తంలో పేరుకుపోతుంది. మామూలుగా అది డెసిలీటరు రక్తంలో 1.2 మిల్లీగ్రాములకు మించదు. రెండు మూడు మిల్లీగ్రాములు దాటితే తెల్లగుడ్డు పచ్చబడుతుంది. అదే కామెర్లు. పగటి వెలుతురులో చూస్తే బాగా తెలుస్తుంది, విద్యుద్దీపం కింద మోసపోవచ్చు. క్యారెట్లు, బొప్పాయి విపరీతంగా తినేవారికి అరచేతులు, ముఖం పచ్చబడతాయి గాని, తెల్లగుడ్డు తెల్లగానే వుంటుంది. తేడా కనిపెట్టడానికి అదే గుర్తు.

కామెర్లకు పసరు పోయించుకుని నయమైనవారు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. దానికి కారణం వున్నది. మురికినీటివల్ల వచ్చే హెపటైటిస్ 'ఎ', 'ఇ' రకాల కామెర్లు చాలామందిలో కొద్దివారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. కీర్తి మాత్రం పసరుకు దక్కుతుంది. కాని 'ఇ' రకం గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. 1955–56లో ఢిల్లీ మంచినీటిలో మురుగు కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అది 'ఇ' రకమేనని ఎన్నో ఏళ్ళ తరువాత, దాచివుంచిన రక్తపు నమూనాలు పరీక్షించాక తేలింది. పైత్యనాళంలో రాయో, గడ్డో అడ్డుపడి కామెర్లు వచ్చినవారికి పసరు తాగుతూ గడిపిన ప్రతి వారమూ నష్టమే. కళ్ళు పచ్చబడితే అది ఏ రకమో తేల్చవలసింది పరీక్ష.

ఇంకా కొన్ని గుర్తులున్నాయి. ముఖం మీద, మెడ మీద, రొమ్ము పైభాగాన ఎర్రని చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్ళ వంటి సన్ననరాలు కనిపిస్తాయి. మధ్యలో నొక్కితే మాయమై, వదలగానే నడిమినుంచి మళ్ళీ నిండుతాయి. ముదిరిన కాలేయవ్యాధిలో ఇవి చాలా పుడతాయి. గర్భిణులలోనూ, ఆరోగ్యవంతులైన పిల్లలలోనూ ఒకటి రెండు వుండవచ్చు, వాటికి భయపడనక్కర లేదు. మన చామనచాయ చర్మం మీద ఇవి అంత సులువుగా కనిపించవు కూడా.

కనురెప్పల మీద ముక్కువైపున పసుపుపచ్చని మెత్తని పొక్కులు కొందరికి వస్తాయి. దీర్ఘకాలపు కామెర్లతోపాటు ఇవి రావడం 1851లో లండన్ వైద్యులు అడిసన్, గల్ రాశారు. ఇప్పుడు డాక్టర్లు వీటిని చూస్తే రక్తంలో కొవ్వు పరీక్ష చేయిస్తారు. డెన్మార్కులో కోపెన్‌హాగన్ పరిశోధకులు 12,745 మందిని ఏళ్ళ తరబడి కనిపెట్టి చూసి, ఈ పొక్కులున్నవారికి గుండెపోటు ప్రమాదం దాదాపు ఒకటిన్నర రెట్లు వున్నదని 2011లో ప్రకటించారు.

ఇక నల్లగుడ్డు అంచున బంగారురంగు వలయం. 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ అనే జర్మన్ వైద్యులు దానిని వర్ణించారు. 1912లో విల్సన్ అనే డాక్టరు వర్ణించిన వంశపారంపర్య వ్యాధికి అది గుర్తు. ఆ వ్యాధిలో కాలేయం రాగిని బయటికి పంపలేదు. ఆ రాగి కాలేయంలో, మెదడులో, కంటిలో చేరుతుంది. 1956 నుంచి దానికి మందున్నది. పిల్లల్లో ఒకరికి ఈ జబ్బు బయటపడితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించాలి, ఎందుకంటే ఒక్కొక్కరికి నాలుగింట ఒకవంతు అవకాశం వుంటుంది.

"ఇదండీ సంగతి. కంటికింద నలుపు, మొటిమలు, మంగు చూసి కాలేయాన్ని అనుమానించడం మానుకోండి" అని ముగించి, ఆవిడ చీటీ రాయబోతూ ఆగారు.

పట్టుబడిన దొంగ

ఆగి నా వైపు చూశారు. "మీరు కాస్త ఇలా కిటికీ దగ్గరకు వచ్చి కూర్చోండి."

కూర్చున్నాను. నా నుదురూ కణతలూ చూశారు. కాలరు కిందికి లాగి మెడ వెనక చూశారు. "ఈ నలుపు ఎన్నాళ్ళనుంచి?"

"ఎండలో తిరిగిన నలుపండీ" అన్నాను.

నేను పొద్దున్న పది గంటలనుంచి సాయంత్రం ఆరుదాకా పంకా కింద కూర్చుని లెక్కలు రాసేవాణ్ణి. ఆ మాట మా ఆవిడకు తెలుసు. "మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతూనే వున్నాను, డాక్టరుగారూ! అయిదేళ్ళనుంచీ పోవడం లేదు" అన్నది.

"మట్టయితే పోయేదమ్మా."

దళసరిగా, ముఖమల్ గుడ్డలాగ చేతికి తగిలే ఆ నలుపుకు వైద్యశాస్త్రంలో 'అకాంథోసిస్ నైగ్రికాన్స్' అని పేరు. సాధారణంగా మెడ మీద, చంకల్లో వస్తుంది. నుదుటి మీద, కణతల మీద, చెంప ఎముకల మీద కూడా వస్తుందనీ, అక్కడ వస్తే మంగు అనో ఎండనలుపు అనో పొరబడుతున్నారనీ మనదేశపు చర్మవైద్యులు ఈమధ్య శ్రద్ధగా పరిశోధిస్తున్నారు. వంట్లో ఇన్సులిన్ మాట చెల్లడం తగ్గిపోతే, శరీరం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేస్తుంది. అలా పెరిగిపోయిన ఇన్సులిన్ చర్మకణాలను కూడా పెరగమని ప్రోద్బలిస్తుంది. చర్మం దళసరై నల్లబడుతుంది. అదే సమయంలో లోపల మరొక పని జరుగుతూ వుండవచ్చు. ఖర్చుకాని చక్కెరా, కొవ్వూ కాలేయంలో చేరి గూడుకట్టుకుంటాయి.

"నల్లని మెడ వున్న ప్రతివారికీ కాలేయం చెడిందని కాదు. ఆ రెండూ ఒకే తల్లి పిల్లలు. ఒకరు వాకిట్లో కనిపిస్తే రెండోవారు ఇంట్లో వున్నారేమో చూడాలి" అన్నారు డాక్టరుగారు.

చూశారు. నా బరువు 86 కిలోలు. నడుము 104 సెంటీమీటర్లు, మన దేశపు మగవారికి 90 దాటకూడదట. పరగడుపు చక్కెర 118, నూరు లోపు వుండవలసింది. అల్ట్రాసౌండ్ పరీక్షలో కాలేయం నిండా కొవ్వు. కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ అనే పరీక్షలో మచ్చకట్టడం మొదలైనట్లు తేలింది. మచ్చ! మూడేళ్ళపాటు మా ఆవిడ బుగ్గల మీద చూస్తూ వచ్చిన కాలేయపు మచ్చ నా కడుపులో వున్నది.

"నేను పుట్టి బుద్ధెరిగి తాగుడు ఎరుగను, డాక్టరుగారూ" అన్నాను, రిపోర్టు తప్పేమో నన్న ఆశతో.

తాగనివారికి కూడా తాగుబోతుల కాలేయంలాగే చెడిపోవచ్చునని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు లుడ్విగ్, ఆయన సహచరులు 20 మంది రోగులను పరిశీలించి రాశారు. అప్పుడు దానికి 'తాగుడుతో సంబంధం లేని' జబ్బు అని పేరు పెట్టారు. 2023లో ఆ పేరు మార్చి, శరీరంలోని చక్కెర, కొవ్వుల నిర్వహణ దెబ్బతినడాన్ని సూచించే కొత్త పేరు పెట్టారు. మన ఊళ్ళ సంగతి వేరే చెప్పాలా? హైదరాబాదులోని ఐ.టి. ఉద్యోగులను 345 మందిని పరీక్షిస్తే, నూటికి 84 మంది కాలేయాలలో కొవ్వు ఎక్కువగా వున్నట్లు 2025లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. రోజంతా కుర్చీలో కూర్చునేవారందరం దీనిని గురించి ఆలోచించవలసిందే.

ఈ జబ్బుకు నొప్పి వుండదు. కళ్ళు పచ్చబడవు. కాలేయం కిలోన్నర బరువుండే ఓర్పుగల అవయవం. సగం చెడినా మిగిలిన సగంతో సంసారం లాక్కొస్తుంది. అది కేకపెట్టే నాటికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. హెపటైటిస్ 'బి', 'సి' వైరసులు కూడా ఇలాగే ముఖాన ఏ గుర్తూ చూపకుండా ఏళ్ళ తరబడి లోపల దాగివుంటాయి. 'బి'కి టీకా వున్నది, బిడ్డ పుట్టిన 24 గంటలలో మొదటి మోతాదు వేయించాలి. 'సి'ని ఇప్పుడు మూడు నెలల మాత్రలతో చాలావరకు నయం చేస్తున్నారు. ఈ రెండింటికీ ఉచిత పరీక్ష, చికిత్స ఇచ్చే జాతీయ కార్యక్రమం 2018లో మన దేశంలో మొదలైంది. ఆ పరీక్ష కూడా డాక్టరుగారు నాకు చేయించారు. అది మాత్రం ఏమీ లేదని వచ్చింది.

నూటికి పది

"మందేమిటి?" అని అడిగాను. సీసా ఏదైనా రాసియిస్తారనుకున్నాను.

"మీ బరువులో నూటికి పదిపాళ్ళు" అన్నారావిడ.

క్యూబా దేశంలో ఇటువంటి రోగులు 293 మందిని ఒక సంవత్సరం పాటు ఆహారం, వ్యాయామాలతో కనిపెట్టి చూసి 2015లో ఫలితాలు ప్రకటించారు. బరువులో నూటికి పదిపాళ్ళు తగ్గగలిగినవారిలో నూటికి తొంభై మందికి కాలేయపు వాపు పోయింది. నూటికి నలభై అయిదు మందికి మచ్చకట్టినది కూడా వెనక్కు మళ్ళింది. అంత తగ్గగలిగినవారు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో నేనెందుకు వుండకూడదనిపించింది.

పాఠకులు నన్ను వీరుడనుకోనక్కర లేదు. మొదటి నెలంతా ఏడుపుముఖంతోనే గడిపాను. అన్నం మూడు హస్తాలనుంచి ఒకటికి దిగింది. ఆ ఖాళీలో కూరలూ, పప్పూ చేరాయి. కాఫీ మానమనలేదు, అందులో చక్కెర మానమన్నారు. సాయంకాలపు మిరపకాయ బజ్జీలకు నీళ్ళు వదిలాను. పొద్దున్నే ముప్పావుగంట నడక. తోడు మా ఆవిడ వచ్చేది, నెత్తిన గొడుగు వేసుకుని. ఆ గొడుగు డాక్టరుగారు ఆవిడకు రాసిచ్చిన మొదటి మందు.

ఆవిడ వైద్యం కూడా ఆర్భాటం లేనిదే. ముందు ట్యూబు చేసిన గాయం మాన్పడానికి కొన్ని నెలలు పట్టింది. తరువాత గొడుగు, ఎండను ఆపే లేతరంగు లేపనం, రాత్రిపూట డాక్టరు చూసుకుంటూ ఇచ్చిన మందు. మామూలు వెలుతురు కూడా మంగును ముదరబెడుతుంది కనుక ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు లేపనమే మంచిదట. పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. తగ్గుతుంది, అశ్రద్ధ చేస్తే తిరిగివస్తుందని ముందే చెప్పారు. పథ్యం మాత్రం ఆ రోజే రద్దయింది. మూడేళ్ళ తరువాత మా ఆవిడ ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తింటూంటే నేను తలెత్తి చూడలేకపోయాను. ఆవిడ చెయ్యని నేరానికి శిక్ష అనుభవించింది, ఆ శిక్షను దగ్గరుండి అమలు జరిపించినవాణ్ణి నేను. ఒక్క రక్తపరీక్ష మూడేళ్ళ ముందు చేయించివుంటే సరిపోయేది.

సంవత్సరం తిరిగేసరికి నా బరువు 77 కిలోలు. చక్కెర నూరులోపుకు వచ్చింది. పరీక్ష మళ్ళీ చేస్తే కాలేయంలో కొవ్వు బాగా తగ్గింది, బిగువు సడలింది. మెడ నలుపు పలచబడింది గాని పూర్తిగా పోలేదు. జబ్బు తగ్గిన వెంటనే చర్మం మరచిపోదట.

ఈ కబురు విని మా అత్తగారు ఏమన్నారో చెప్పకపోతే కథ పూర్తి కాదు. "నేను చెప్పలేదూ నాయనా, ఈ ఇంట్లో ఎవరికో కాలేయం చెడిందని!" అన్నారు.

పెళ్ళి ఆ మాఘమాసంలో జరిగింది. పీటల మీద కన్యాదానం ఫొటోలో మా ఆవిడ నా పక్కన, ముందు వరసలో, ముఖం ఎత్తి కూర్చున్నది. బుగ్గల మీద మంగు నీడ ఇంకా కొంచెం వున్నది. ఆల్బమ్ తయారుచేసే ముందు ఫొటోగ్రాఫరు వచ్చి, "అమ్మగారూ, ముఖం మీద మచ్చలు తీసేసి అచ్చు వెయ్యమంటారా?" అని అడిగాడు.

"నా మచ్చలవల్ల ఎవరికీ నష్టం లేదు బాబూ, వుండనీ. అయ్యగారి మెడ నలుపు కూడా తియ్యకు. చూసుకుంటే పొద్దున్నే నడకకు లేస్తారు" అన్నది మా ఆవిడ.